చెట్టు తొలిచే పురుగు ఏదో గుర్తించి, మ్యాప్‌లో పెట్టే పద్ధతి: ఉద్దానం నుంచి బొబ్బిలి దాకా

జీడిచెట్టు మొదట్లో రాలిన ఆకుల్ని చేత్తో పక్కకు తోసి చూడండి. వేర్లు మొదలయ్యే చోట, నేలకు ఆనుకుని బెరడు మీద ముదురు గోధుమ రంగు ముద్ద ఉందా? తీసి వేళ్ల మధ్య నలపండి. సగం రంపపు పొట్టులా రాలిపోయి, సగం బంకలా చేతికి అంటుకుంటే లోపల పురుగు ఉన్నట్టే. తలెత్తి చూస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది, పూత కూడా వేసి ఉంటుంది. ఆకు పసుపు రంగుకు తిరిగే నాటికి బెరడు కింద చుట్టూ తినేసి ఉంటుంది.

మా చిన్నాన్న తోటలో అదే జరిగింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి ఎంత పోయిందో అందరికీ తెలుసు. ఆయన తోటలో పడిపోకుండా నిలిచిన పెద్ద చెట్లలో మూడు, ఆ తర్వాత రెండేళ్లకు ఎండిపోయాయి. తుపానుకు వేర్లు కదిలి ఉంటాయని కొందరు, నీటి ఎద్దడి అని కొందరు అన్నారు. చెట్టు కొట్టించాక మొదలు దగ్గర బెరడు ఊడదీస్తే వేలెడు లావు సొరంగాలు, వాటి నిండా పురుగు నమిలి వదిలిన పిప్పి. ఒక్కసారి వంగి చూసి ఉంటే ఏడాది ముందే తెలిసేది. అప్పటి నుంచి నేను ఏ తోటకు వెళ్లినా ముందు మొదలు చూస్తాను, తర్వాతే కొమ్మలు.

ఆ పురుగు మనదే, ఎప్పటి నుంచో ఇక్కడ ఉన్నదే. మరి బయటి నుంచి కొత్తది వస్తే? దాన్ని కొత్తదని మనం ఎలా పోల్చుకుంటాం? మన పురుగులేవో, అవి ఏ చెట్టుకు ఎక్కడ పడతాయో, ఏ ఊళ్లో ఎంత ఉన్నాయో ముందే రాసి ఉంటేనే కొత్తది కంట పడుతుంది. లేకపోతే అదీ "ఏదో పురుగే" అయిపోతుంది. అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆసియా పురుగును 2002లో గుర్తించారు. అప్పటికే అది చాలా ఏళ్లుగా అక్కడ చెట్లను తింటోందని తర్వాత తేలింది. కోట్లాది యాష్ చెట్లు పోయాయి. ఆలస్యం ఖరీదు అది.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి. మనకు ఇంటి పురుగైనది వేరే దేశానికి విపత్తు అవుతుంది. మన కొబ్బరి కొమ్ము పురుగు 1909 ప్రాంతంలో మొక్కలతో పాటు పసిఫిక్ మహాసముద్రంలోని సమోవాకు చేరింది, 2007లో గువామ్‌లో, 2013లో హవాయిలో బయటపడింది. మన ఎర్ర ముక్కు పురుగు 1980లలో గల్ఫ్ దేశాల ఖర్జూర తోటల్లోకి వెళ్లి, అక్కడి నుంచి మధ్యధరా తీరం దాకా పాకింది. అవి వెళ్లిన దారిలోనే వేరేవి ఇటు రావచ్చు.

మొదటి అడుగు: మన పురుగులను ముందు గుర్తుపట్టండి

కొత్తదాని కోసం వెతికేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు, ఫోన్‌లో విదేశీ పురుగుల ఫొటోలు చూసి బయల్దేరడం. అలా వెళ్తే ప్రతి పెంకు పురుగూ విదేశీదిలాగే కనిపిస్తుంది. కనీసం ఒక ఏడాది మన పురుగులతో గడపండి.

జీడికి ముఖ్యమైనది కాండం, వేరు తొలిచే పురుగు. శాస్త్రీయ నామం నియోప్లోకెడెరస్ ఫెర్రుజినియస్. పాత పుస్తకాల్లో ప్లోకెడెరస్ అని ఉంటుంది, రెండూ ఒకటే. పెద్ద పురుగు ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది. తల, మెడ భాగం ముదురుగా, దాదాపు నల్లగా ఉంటాయి. పొడవు రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్లు, మీసాలు ఒంటితో సమానంగానో ఇంకా పొడుగ్గానో ఉంటాయి. మాను కింది మీటరు ఎత్తులో, బయటికి తేలిన వేర్ల మీద, బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు తెల్లగా, కాళ్లు లేనట్టుగా, ముందు భాగం వెడల్పుగా ఉంటుంది. పూర్తిగా ఎదిగితే ఏడెనిమిది సెంటీమీటర్లు దాటుతుంది. దీన్ని తేలిగ్గా పట్టించే గుర్తు ఇంకొకటి ఉంది. గూడు. చచ్చిన చెట్టు మొదట్లో బెరడు చీలిస్తే సున్నంతో చేసినట్టు తెల్లటి గుల్ల దొరుకుతుంది. గట్టిగా, కోడిగుడ్డు పెంకులా ఉంటుంది, గోరుతో గీస్తే సుద్దలా రాలుతుంది. మొదటిసారి చూసినవాళ్లు నత్తగుల్ల అనుకుంటారు. అది నిజంగానే కాల్షియం కార్బొనేట్‌తో కట్టుకున్న గూడు. అది దొరికిందంటే ఈ జాతి పురుగేనన్న నమ్మకం బాగా పెరుగుతుంది.

మామిడి, పనస, మర్రి జాతి చెట్లకు పట్టేది బటోసెరా రూఫోమాక్యులేటా, అంటే మామిడి కాండం తొలిచే పురుగు. ఒక్కసారి చూస్తే మర్చిపోలేం. ఐదు సెంటీమీటర్ల దాకా పొడవు, బూడిద రంగు ఒళ్లు, మెడ పలక మీద చిక్కుడు గింజల ఆకారంలో రెండు నారింజ ఎరుపు మచ్చలు. రెక్కల పెంకు మొదట్లో చిన్న చిన్న నల్లటి బొడిపెలు, చేత్తో తడిమితే గరుగ్గా తగులుతాయి. తొలకరి రోజుల్లో రాత్రిపూట వీధి దీపాల కింద పడి ఉంటుంది. ఇది జీడికీ పడుతుంది. అందుకే చెట్టు పేరు చూసి పురుగు పేరు రాసేయకూడదు.

కొబ్బరిలో రెండు. కొమ్ము పురుగు నల్లగా, తల మీద కొమ్ముతో ఉంటుంది, మొవ్వులోకి దూరి తింటుంది. విచ్చుకున్న మట్టలు కత్తెరతో త్రికోణంలా కత్తిరించినట్టు కనిపిస్తే అది దాని పనే. గత్తం (పేడ ఎరువు) కుప్పల్లో, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో పిల్లలు పెడుతుంది. తిత్లీకి పడిన చెట్లను తీయకుండా వదిలేసిన చోట్ల దీని బెడద పెరగడం అందుకే. ఎర్ర ముక్కు పురుగు వేరు. పొడవాటి ముక్కు, ఇటుక రంగు ఒళ్లు, మెడ మీద నల్ల మచ్చలు. కొబ్బరి మానుకు చెవి ఆనించి వింటే లోపల పరపరమని నమిలే శబ్దం వినిపిస్తుంది. రంధ్రాల నుంచి గోధుమ రంగు రసం కారి, నమిలిన పీచు బయటికి వస్తుంది.

ఇక చిన్నవి. ఎక్కువగా రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటాయి. వీటిని ఆంబ్రోసియా పెంకు పురుగులు అంటారు. ఇవి కలపను తినవు. లోపల సన్నని సొరంగాలు తొలిచి, తమతో తెచ్చుకున్న బూజును గోడల మీద పెంచి, ఆ బూజును తింటాయి. చెట్టుకు ముప్పు పురుగు కన్నా ఆ బూజుతోనే ఎక్కువ. కొన్ని జాతులు తొలిచినప్పుడు పొట్టు పొడిగా రాలకుండా, రంధ్రం నుంచి పుల్లల్లా బయటికి పొడుచుకు వస్తుంది. అగరబత్తి బూడిద విరగకుండా నిలిచినట్టు ఉంటుంది, గాలి వేస్తే విరిగిపోతుంది. ఇవి కూడా మన ప్రాంతంలో కొత్త కాదు, కానీ ప్రపంచంలో ఇప్పుడు ఎక్కువ దేశాలను హడలెత్తిస్తున్న గుంపు ఇదే. యూవాలేసియా ఫోర్నికేటస్ అనే ఆసియా పురుగు కాలిఫోర్నియా, ఇజ్రాయెల్, దక్షిణాఫ్రికాల్లో చెట్లను చంపుతోంది. దాని దగ్గరి బంధువులు రూపంలో ఎంత పోలి ఉంటాయంటే, డీఎన్‌ఏ పరీక్ష లేకుండా ఇది ఫలానా అని నమ్మకంగా చెప్పడం కష్టం.

రెండో అడుగు: చెట్టును చూసే పద్ధతి

సంచిలో పెట్టుకోవాల్సినవి తక్కువే. పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, సన్నని ఉలి, సైకిల్ ఊచ ఒకటి కొన వంచి, మూత గట్టిగా పట్టే చిన్న సీసాలు, పెన్సిలు, దళసరి కాగితం, ఫోన్. ఫోన్‌కు పవర్ బ్యాంక్ ఉంటే మంచిది.

చెట్టు దగ్గరికి వెళ్లాక కింది నుంచి పైకి చూడండి. మొదట నేల. పిప్పి ఉందా, ఉంటే తాజాదా? తాజా పిప్పి తడిగా, లేత రంగులో ఉంటుంది. పాతది నల్లబడి ఎండిపోతుంది. చూసిన పిప్పిని ఊడ్చేసి, వారం తర్వాత మళ్లీ చూడటం కన్నా మంచి పరీక్ష లేదు. మళ్లీ పడి ఉంటే పురుగు బతికే ఉంది. తర్వాత మాను చుట్టూ ఒక ప్రదక్షిణ చేయాలి. ఒక పక్క నుంచి చూసి వచ్చేయకండి, చాలా రంధ్రాలు నీడ ఉన్న వైపే ఉంటాయి. తర్వాత కొమ్మల చీలికలు, చివరికి ఆకుల రంగు.

రంధ్రం దొరికితే స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. రంధ్రం ఆకారం, కొలత సగం కథ చెబుతాయి. గుండుసూది దూరేంత, ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు చాలా ఉంటే ఆంబ్రోసియా గుంపును అనుమానించాలి. మూడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు, కొట్టి పెట్టిన కలప మీదో వెదురు మీదో, పిండి లాంటి పొడితో ఉంటే కలప తినే పొడి పురుగులు. పెన్సిలు పట్టేంత, అంతకన్నా పెద్ద గుండ్రటి లేదా కోలగా ఉన్న రంధ్రమైతే పొడవు మీసాల పురుగు బయటికి వెళ్లిన దారి. ఒక పక్క చదునుగా, ఒక పక్క వంపుగా, ఇంగ్లిష్ అక్షరం డీ ఆకారంలో ఉంటే మెరుపు పెంకు పురుగుల కుటుంబానిది. ఎమరాల్డ్ యాష్ బోరర్ ఆ కుటుంబానిదే.

ఒక్క మాట. రంధ్రంలోంచి పురుగు బయటికి వెళ్లిపోయి ఉండొచ్చు. రంధ్రం ఉన్నంత మాత్రాన చెట్టులో పురుగు ఉన్నట్టు రాయకండి. "పాత రంధ్రం", "తాజా పిప్పి", "పురుగు దొరికింది" అనే మూడింటినీ వేర్వేరుగా రాయండి. తర్వాత మ్యాప్ చదివేటప్పుడు ఈ తేడాయే పనికొస్తుంది.

మోసపోయే చోట్లు

బెరడు మీద పిప్పితో అల్లిన పట్టు దారాల్లాంటి మెలికల బాట కనిపిస్తే, అది పెంకు పురుగు కాదు. ఇండార్బెలా అనే బెరడు తినే గొంగళి, రెక్కల పురుగుగా మారే జాతి. సరుగుడు, మామిడి, జామ, పనసల మీద చాలా సాధారణం. మట్టితో కట్టిన గొట్టాలుంటే చెదలు. పిప్పి ఏమీ లేకుండా బంక మాత్రమే కారుతుంటే బూజు తెగులో, కత్తి గాయమో కావచ్చు. వరుసగా, సమాన దూరంలో రంధ్రాలుంటే పిట్టలు పొడిచినవి కూడా అవుతాయి.

వీటిని కూడా రాసుకోండి. "పురుగు కాదు, చెదలు" అన్నదీ సమాచారమే.

మూడో అడుగు: చెట్టుకు నంబరు, ఆ తర్వాతే జీపీఎస్

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. జీడితోటలో చెట్టుకూ చెట్టుకూ మధ్య దూరం ఏడెనిమిది మీటర్లు. ఫోన్ జీపీఎస్ ఆరుబయట ఐదు మీటర్ల దాకా తప్పు చూపిస్తుంది, గుబురు చెట్ల కింద పది మీటర్లు దాటొచ్చు. అంటే ఫోన్ చూపించిన చుక్క పక్క చెట్టు మీద పడొచ్చు! మూడు నెలల తర్వాత ఆ చుక్క పట్టుకుని వెళ్తే వేరే చెట్టు ముందు నిలబడి "తగ్గిపోయింది" అని రాసుకుంటాం. నేను మొదటి ఏడాది రాసినదాంట్లో సగం ఇలాగే పాడైంది. ఎంతో తిరిగి రాసింది పనికిరాకపోతే కలిగే బాధ తెలుసు కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

అందుకే ముందు చెట్టుకు నంబరు ఇవ్వండి. తోట గట్టు నుంచి లెక్కపెట్టి "వరుస 4, చెట్టు 11" అని రాయండి. సున్నమో పెయింటో ఛాతీ ఎత్తులో చిన్న గుర్తు పెట్టండి. తోటగల రైతును అడిగే పెట్టాలి. కొందరికి చెట్టు మీద నంబరు పడితే ఎవరో లెక్క కట్టి పట్టుకుపోతారని భయం ఉంటుంది, ఓపిగ్గా చెప్పాలి. మా దగ్గర ఒక పెద్దాయన "బాబూ, నంబరు వద్దుగానీ దానికి ఎర్రగుడ్డ కట్టు" అన్నారు. కట్టాం. వాన వచ్చినా అది నిలిచింది.

తర్వాత జీపీఎస్. మాను పక్కనే ఒక నిమిషం కదలకుండా నిలబడి, ఫోన్ చూపే ఖచ్చితత్వం పది మీటర్ల లోపుకు వచ్చాక తీసుకోండి. అక్షాంశం, రేఖాంశం దశాంశాల్లో ఐదు అంకెల దాకా రాస్తే చాలు. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు కలిపి రాయకండి. మన రెండు జిల్లాల్లో, అంటే శ్రీకాకుళం, విజయనగరంలో, అక్షాంశం 17, 18, 19లలో ఒకదానితో, రేఖాంశం 83 లేదా 84తో మొదలవుతుంది. ఎవరైనా రెండూ తారుమారు చేసి పంపితే ఆ చుక్క ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రంలో పడుతుంది, వెంటనే పట్టుకోవచ్చు.

ఒక్కో చెట్టుకు రాయాల్సినవి: తేదీ, ఊరు, వరుస-చెట్టు నంబరు, అక్షాంశ రేఖాంశాలు, చెట్టు జాతి, సుమారు వయసు, రంధ్రాల సంఖ్య, కొలత, నేల నుంచి ఎత్తు, పిప్పి తాజాదా పాతదా, బెరడు చుట్టుకొలతలో ఎంత భాగం పోయింది, ఆకుల రంగు, ఫొటో నంబర్లు, చూసినవాళ్లు. కాగితం మీద రాసినా పర్వాలేదు. గుంపుగా చేసేటట్లయితే ఎపికలెక్ట్5 అనే ఉచిత యాప్‌లో ఫారం తయారు చేసుకోవచ్చు, నెట్ లేని చోట నింపి తర్వాత పంపొచ్చు. ఉద్దానం లోపలి ఊళ్లలో సిగ్నల్ తిప్పలు తెలిసినవాళ్లకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

జీడి విషయంలో బెరడు కొలత ఊరికే రాయడం కాదు. మాను చుట్టుకొలతలో సగానికి మించి బెరడు పోయి, ఆకులు పసుపెక్కిన చెట్టు కోలుకోదన్నది జీడి పరిశోధకుల సూచన. అలాంటిదాన్ని వేర్లతో సహా తీసేయాలి, లేకపోతే పక్క చెట్లకు అదే పుట్ట. సగం లోపే పోతే బెరడు ఎక్కువ గాయపడకుండా ఊచతో పురుగును లాగేసి కాపాడొచ్చు.

నాలుగో అడుగు: ఏమీ లేని చెట్లను కూడా రాయండి

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్కటే గుర్తు పెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. పురుగు పట్టిన చెట్లనే రాస్తే వచ్చే మ్యాప్ మనం ఎక్కడెక్కడ తిరిగామో చెబుతుంది, పురుగు ఎక్కడుందో చెప్పదు. మందస రోడ్డు పక్కన యాభై చుక్కలు, కవిటి లోపల రెండు చుక్కలు కనిపిస్తే పురుగు మందసలో ఎక్కువ అనుకుంటాం. అసలు సంగతి, మందసకు బస్సు ఉంది కాబట్టి అక్కడికి ఎక్కువసార్లు వెళ్లాం.

కాబట్టి తోటకు వెళ్లగానే పద్ధతి ముందే అనుకోండి. ప్రతి మూడో వరుసలో ప్రతి చెట్టూ, లేదా ఒక మూల నుంచి ఎదురు మూలకు నడుస్తూ తగిలిన యాభై చెట్లు. ఎండిన చెట్టు దూరంగా కనిపించినా దారి తప్పి దాని దగ్గరికి వెళ్లి లెక్కలో కలపకండి. దాన్ని వేరుగా, "వరుసలో లేనిది" అని రాయండి. యాభై చూసి మూడింట్లో పురుగు దొరికితే "50లో 3". ఏమీ దొరక్కపోతే "50లో 0". ఆ సున్నా రాయడం చాలామందికి వృథా అనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత అదే తోటలో కొత్త పురుగు దొరికితే, అది ఎప్పుడు వచ్చిందో చెప్పగలిగేది ఆ సున్నా మాత్రమే.

ఐదో అడుగు: కొత్త పురుగు ముందు దిగే చోట్లు

కొత్త పురుగులు చాలాసార్లు తమంతట తాము ఎగిరి రావు. కలపలో, చెక్క పెట్టెల్లో, సరుకు కింద వేసే చెక్క ప్యాలెట్లలో, నర్సరీ మొక్కల్లో కూర్చుని వస్తాయి. ఆసియా పొడవు మీసాల పురుగు 1996లో న్యూయార్క్‌లో బయటపడటానికి కారణం చెక్క ప్యాకింగే. ఆ దెబ్బల తర్వాతే అంతర్జాతీయంగా ఐఎస్‌పీఎం 15 అనే నిబంధన 2002లో వచ్చింది. ఎగుమతి చేసే చెక్క పెట్టెలను మధ్య భాగం దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాలు ఉండేలా వేడి చేయాలి, లేదా ఆమోదించిన వాయువు పట్టించాలి. అలా చేసిన చెక్కకు గోధుమ కంకి బొమ్మ ఉన్న ముద్ర ఉంటుంది. వేడి చేస్తే హెచ్‌టీ అనే అక్షరాలు, మిథైల్ బ్రోమైడ్ పట్టిస్తే ఎంబీ.

మన జిల్లాల్లో ఇది ఎక్కడ చూడొచ్చు? పైడిభీమవరం, బొబ్బిలి పారిశ్రామిక ప్రాంతాల్లో విశాఖ పోర్టు నుంచి వచ్చిన ప్యాలెట్లు గేటు బయట పాత సామాన్ల దుకాణాల్లో చేరతాయి. అక్కడ ముద్ర ఉందో లేదో, బెరడు మిగిలి ఉందో, కింద తాజా పొడి ఉందో చూడటానికి ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు, దుకాణం వాళ్లను అడిగితే చాలు. జాతీయ రహదారి 16 పక్కన సామిల్లులు, సరుగుడు, యూకలిప్టస్ కర్ర దించే చోట్లు, కొత్త మొక్కలు తెచ్చి అమ్మే నర్సరీలు. ఈ ఒక్కో చోటు చుట్టూ కిలోమీటరు మేర ఉన్న చెట్లను ఏడాదికి రెండుసార్లు చూస్తే, అన్ని తోటలూ తిరిగినదాని కన్నా ఫలితం ఎక్కువ. రెండు జిల్లాల్లోనూ యూకలిప్టస్ చాలా ఉంది కాబట్టి ఆస్ట్రేలియా జాతి ఫొరకాంత సెమిపంక్టేటాను కూడా గుర్తు పెట్టుకోండి. ముదురు గోధుమ రంగు, రెక్కల పెంకు మధ్యలో లేత పసుపు వంకర పట్టీ. దక్షిణాఫ్రికా, కాలిఫోర్నియా, మధ్యధరా దేశాల యూకలిప్టస్ తోటల్లో ఇది దిగింది.

ఉచ్చుల గురించి కొంచెం

ఆంబ్రోసియా పురుగులకు ఆల్కహాల్ వాసన పడితే చాలు, వస్తాయి. ఎందుకంటే ఒత్తిడిలో ఉన్న చెట్టు లోపల ఇథనాల్ తయారవుతుంది, అదే వాటికి పిలుపు. లీటరు ప్లాస్టిక్ సీసా పక్కల రెండు కిటికీలు కోసి, తలకిందులుగా వేలాడదీసి, మూత భాగంలో సబ్బు నీళ్లు పోయండి. పైన దూదికి ఇథనాల్ ఉన్న చేతుల శానిటైజర్ పట్టించి కట్టండి. సీసా మీద ఐసోప్రొపైల్ అని ఉంటే తీసుకోవద్దు. నేల నుంచి మీటరు, మీటరున్నర ఎత్తులో, నీడలో వారం ఉంచి తీయాలి. పడినవాటిని టీ వడకట్టే గుడ్డలో వడకట్టి ఆల్కహాల్‌లో వేయండి.

పెద్ద పురుగులకు తెల్లటి దుప్పటి మీద దీపం వేస్తే మామిడి పురుగు వంటివి వస్తాయి. కొబ్బరి పురుగులకు ఫెరమోన్ ఉచ్చులు, అంటే పురుగుల వాసనతోనే పురుగులను పిలిచేవి, దొరుకుతాయి. అయితే లేత మొక్కల మధ్య కట్టవద్దు, వాసనకు వచ్చిన పురుగులన్నీ ఉచ్చులో పడవు, పక్క మొక్క మీద వాలతాయి. తోట చివర కట్టండి.

ఆరో అడుగు: దొరికిన పురుగును పాడవకుండా దాచడం

పిల్లపురుగును నేను మొదటిసారి ప్లాస్టిక్ కవర్‌లో పంపాను. చేరేసరికి నల్లగా కుళ్లి, గుర్తించలేమన్నారు. పిల్లపురుగును ముందు మరిగిన నీళ్లలో అర నిమిషం ముంచి, తర్వాత ఆల్కహాల్‌లో వేస్తే రంగు, ఆకారం నిలుస్తాయి. డీఎన్‌ఏ పరీక్షకు పంపాలంటే వేడి నీళ్లు లేకుండా నేరుగా 95 శాతం ఆల్కహాల్‌లో వేరే సీసాలో ఇంకొకటి ఉంచండి. పెద్ద పురుగును రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, సూది గుచ్చి ఆరబెట్టొచ్చు. సూది ఎప్పుడూ కుడి రెక్క పెంకు మీద నుంచి దించాలి, మధ్యలో గుచ్చితే గుర్తించే భాగాలు పోతాయి.

చీటీ మీద పెన్సిలుతో రాయండి. బాల్ పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. తేదీ, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, చెట్టు జాతి, పట్టినవారి పేరు. ఆ చీటీ సీసా లోపలే ఉండాలి, పైన అంటించినది ఊడిపోతుంది.

పురుగు ఉన్న కొమ్మను సజీవంగా వేరే మండలానికి తీసుకెళ్లకండి. పరీక్ష కోసం పెద్ద పురుగు బయటికి వచ్చేదాకా చూడాలనుకుంటే, అదే తోటలో సన్నని ఇనుప వలతో మూసిన డబ్బాలో కొమ్మను ఉంచండి. ప్లాస్టిక్ వల వద్దు, పొడవు మీసాల పురుగు కొరికి బయటికి వచ్చేస్తుంది. అటవీ భూముల్లో తిరగాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి.

ఏడో అడుగు: మ్యాప్ గీయడం, చదవడం

చుక్కలన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో చేర్చండి. గూగుల్ ఎర్త్‌లో వేసి చూడొచ్చు, ఇంకా లోతుగా వెళ్లాలంటే క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కానీ ఒక్కో చెట్టును చుక్కగా చూపిస్తే కళ్లు చెదురుతాయి తప్ప అర్థం కాదు. చిన్న కిటుకు చెబుతాను. అక్షాంశం, రేఖాంశం రెండిట్లోనూ మూడో దశాంశం దాకా ఉంచి మిగిలిన అంకెలు కొట్టేయండి. 18.77 దగ్గర మూడో దశాంశం ఒక అంకె మారితే ఉత్తర దక్షిణాల్లో సుమారు 110 మీటర్లు, తూర్పు పడమరల్లో సుమారు 105 మీటర్లు. అంటే ఒకే అంకెలున్న చెట్లన్నీ మూడెకరాల లోపు గడిలో ఉన్నట్టే. ఒక్కో గడికి చూసిన చెట్లు ఎన్ని, పురుగు ఉన్నవి ఎన్ని అని లెక్కపెట్టి రంగు వేయండి. చూడని గడి తెల్లగా వదలాలి. చూసి సున్నా వచ్చిన గడికి ఆకుపచ్చ వేయాలి. ఈ రెండూ ఒకటి కావు.

ఇప్పుడు చదవండి. మన పాత జీడి పురుగైతే పదేళ్లు దాటిన ముసలి చెట్లలో, పట్టించుకోని తోటల్లో, అక్కడక్కడ చెదిరినట్టు ఉంటుంది. కొత్తగా దిగినదైతే సాధారణంగా ఒక చోట గుంపుగా మొదలై, ఆ చోటు నుంచి ప్రతి ఏడాది వలయంలా పెరుగుతుంది. ఆ గుంపు మధ్యలో సామిల్లో, నర్సరీయో, ప్యాలెట్ల దుకాణమో ఉందా చూడండి. ఇంకా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇంతవరకు పురుగు పట్టని చెట్టు జాతికి పట్టిందా? ముసలివి, ఎండుతున్నవి కాకుండా ఆరోగ్యంగా ఉన్న లేత చెట్లకు పట్టిందా? మీరు ఏడాదిగా చూసిన వాటిలో దేనికీ సరిపోని పురుగా? రెండిటికి అవునని సమాధానం వస్తే ఆగకండి, చెప్పండి. మూడింటికీ అవునంటే ఆ రోజే చెప్పండి.

ఎవరికి చెప్పాలి

ముందుగా ఊళ్లోని రైతు సేవా కేంద్రంలో ఉద్యాన లేదా వ్యవసాయ సహాయకులకు. శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైర వ్యవసాయ కళాశాల దగ్గరలో ఉన్నాయి, విజయనగరంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. జీడి గురించి ప్రత్యేకంగా బాపట్లలోని జీడిమామిడి పరిశోధన స్థానం, కొబ్బరి గురించి అంబాజీపేట పరిశోధన స్థానం. పురుగు జాతిని నిర్ధారించడంలో దేశంలోనే అనుభవం ఉన్నది బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ, ఎన్‌బీఏఐఆర్. విదేశీ చెక్క మీద దొరికితే విశాఖపట్నంలో కేంద్ర ప్రభుత్వ ప్లాంట్ క్వారంటైన్ స్టేషన్‌కు తెలపాలి. ఫోన్‌లో సలహాకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551.

నిర్ధారణ వచ్చేదాకా "కొత్త విదేశీ పురుగు వచ్చేసింది" అని వాట్సాప్‌లో పెట్టకండి. ఆ మాట విని రైతు టెన్షన్ పడి, బతికే చెట్లను కూడా కొట్టించుకుంటాడు, లేదా దొరికిన మందల్లా మొదట్లో పోస్తాడు. "అనుమానం, పరీక్షకు పంపాం" అని చెప్పండి, అదీ తోటగల రైతుకే ముందు.

మొదలుపెట్టడానికి మంచి కాలం జనవరి. జనవరి నుంచి మే వరకు జీడి పురుగు పెద్దదై బయటికి వస్తుంది, జీడిపిక్కలు ఏరడానికి ఎలాగూ అందరూ చెట్ల కిందే ఉంటారు. పిక్క కోసం ఆకులు తోసినప్పుడే మొదలు కూడా చూడమని ఏరేవాళ్లకు చెప్పండి. మా ఊళ్లో ఆ పని అందరికన్నా బాగా చేస్తున్నది పిక్కలు ఏరే ఆడవాళ్లు. తాజా పిప్పి కనిపిస్తే చెట్టుకు ఎర్రగుడ్డ కట్టి వెళ్తారు, సాయంత్రం నేను వెళ్లి రాసుకుంటాను.